బిడ్డను చూడాలంటే ముందు తల్లిని చూడండి
ఆఫ్రికా పల్లెల్లో తల్లీబిడ్డల పోషణపై జరిగిన పరిశోధనలు నేర్పే పాఠం



ఎదుగుదల లేక చిక్కిపోయిన బిడ్డను చంకన వేసుకొని ఒక పేద తల్లి ఆసుపత్రికి వస్తే, చూసినవారి నోట సాధారణంగా వచ్చే మొదటి మాట ఏది? "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా? బిడ్డకు సరిగా పెట్టడం లేదా?" అని. అడిగేవారికి అది చిన్న ప్రశ్న. ఆ తల్లికి మాత్రం అది తీర్పు. బిడ్డ అలా కావడానికి ఆమె తెలివితక్కువతనమో, అశ్రద్ధో కారణమని మనం ముందుగానే నిర్ణయించుకొని ఆ ప్రశ్న వేస్తున్నాం.

ఈ తీర్పు న్యాయమైనదేనా? ఆఫ్రికా ఖండంలోని పేద ప్రాంతాల్లో తొంభై సంవత్సరాలకు పైగా వైద్యులు, శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని పరిశీలిస్తూ వచ్చారు. వారు కొన్నిసార్లు పొరపాటు పడ్డారు, కొన్నిసార్లు దారి మార్చుకొన్నారు. చివరకు వారు చేరిన చోటు మనందరికీ ఉపయోగపడే పాఠం. ఈ వారం ఆ పాఠాన్ని కలిసి చదువుకొందాం.

1. తల్లులు పెట్టిన పేరు

1929లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు పశ్చిమ ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టుకు ఉద్యోగరీత్యా వెళ్ళారు. ఆనాడు బ్రిటిషువారి పాలనలో ఉన్న ఆ దేశమే నేటి ఘనా. ఆమె 1893లో జమైకాలో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదువుకొన్నారు. అక్రా నగరంలో పిల్లల వైద్యం చేస్తుండగా ఒక వింత వ్యాధి ఆమె కంటపడింది. ఒకటి నుండి నాలుగేళ్ళ వయసు పిల్లలు కాళ్ళూ చేతులూ వాచి వచ్చేవారు. జుట్టు రంగు వెలిసి ఎర్రబడేది. చర్మంపై నల్లని మచ్చలు పడి పొరలుగా ఊడేది. బిడ్డ ఎప్పుడూ చిరాకుగా, ఏడుపు ముఖంతో ఉండేది. వాపు వలన పైకి బొద్దుగా కనిపించేది గనుక తెలియనివారు బిడ్డకు తిండి చాలడం లేదని అనుకొనేవారే కాదు. ఆ పిల్లల్లో చాలామంది చనిపోయేవారు.

ఈ వ్యాధిని మీరు ఏమంటారని ఆమె అక్కడివారిని అడిగారు. 'గా' అనే స్థానిక భాషలో వారు చెప్పిన పేరు క్వాషియార్కర్. తరువాతి బిడ్డ రావడంతో తన స్థానం కోల్పోయిన బిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. తల్లికి మళ్ళీ నెల తప్పుతుంది. రొమ్ముపాలు తాగుతున్న బిడ్డను పాలు మాన్పించి మొక్కజొన్న గంజి మీదకు దించుతారు. ఆ గంజితో కడుపు నిండుతుందే గాని ఒళ్ళు నిలబడదు. కొన్ని నెలలకు వాపు మొదలవుతుంది.

డాక్టర్ విలియమ్స్ ఈ వ్యాధిని గురించి 1933లో ఒక వైద్య పత్రికలో రాశారు. ఇది కొత్తదేమీ కాదు, అప్పటికే తెలిసిన పెల్లాగ్రా వ్యాధేనని కొందరు పెద్ద వైద్యులు కొట్టిపారేశారు. ఆమె వెనక్కి తగ్గలేదు. 1935లో లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసానికి ఆ తల్లుల మాటనే శీర్షికగా పెట్టారు. నేడు ప్రపంచమంతటా వైద్య గ్రంథాల్లో ఉన్నది ఆ పేరే.

పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ పేరులో రోగం తాలూకు వాపు లేదు, జుట్టు రంగు లేదు. ఉన్నది ఒక కుటుంబం స్థితి. తల్లి, ఒడిలోని బిడ్డ, రాబోయే బిడ్డ, ముగ్గురూ ఆ ఒక్క మాటలో ఉన్నారు. చదువురాని తల్లులు బిడ్డను ఒంటరిగా చూడలేదు. పరిశోధకులు ఈ సంగతిని మళ్ళీ నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

2. పాలపొడి నేర్పిన తప్పు పాఠం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఈ వ్యాధిపై అందరి దృష్టీ పడింది. ఐక్యరాజ్య సమితి సంస్థల పక్షాన బ్రాక్, ఓత్రే అనే ఇద్దరు నిపుణులు ఆఫ్రికా దేశాలు తిరిగి చూసి 1952లో ఒక నివేదిక ఇచ్చారు. వ్యాధికి మూలం మాంసకృత్తుల, అంటే ప్రోటీన్ల, కొరతేనన్న అభిప్రాయం బలపడింది. కొరత ప్రోటీన్లదైతే వాటిని అందిస్తే సరిపోతుంది గదా! పాలపొడి ఓడలు ఎక్కింది.

ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో వెన్న తీసిన పాలపొడితో చికిత్స జరిగింది. వాచిన పిల్లలు కోలుకొన్నారు. అది నిజంగా గొప్ప విజయమే. అయితే దాని వెంట రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, కోలుకొని ఇంటికి వెళ్ళిన బిడ్డలు కొందరు మళ్ళీ అదే జబ్బుతో తిరిగి వచ్చారు. ఇంట్లో ఏమీ మారలేదు గదా! రెండవది, పాలతో బిడ్డ బతకడం కళ్ళారా చూసిన తల్లులు సీసాపాలే గొప్ప మందని నమ్మారు. శుభ్రమైన నీరు లేని ఇంట, ఖరీదుకు భయపడి పలుచగా కలిపిన సీసాపాలు పసిబిడ్డకు ఎంత ప్రమాదమో మనకు తెలిసిందే. వైద్యులు నోటితో ఏమి చెప్పినా, చేతితో చూపించినదానినే తల్లులు నేర్చుకొన్నారు.

దీనిని గుర్తించిన వైద్యులు 1965లో ములాగోలోనే వేరొక పద్ధతి ప్రారంభించారు. దాని పేరు ముఆనాముగిము. ఆరోగ్యవంతుడైన బిడ్డ ఆరోగ్యవంతురాలైన తల్లి నుండే వస్తాడు అనే భావం గల అక్కడి సామెత నుండి ఆ పేరు తీసుకొన్నారు. అక్కడ తల్లి తన బిడ్డతో పాటే ఉంటుంది. తన పెరట్లో దొరికే అరటి, చిక్కుడు జాతి గింజలు, వేరుశనగ కలిపి బిడ్డకు మెత్తగా ఎలా వండిపెట్టాలో చేసి చూసి నేర్చుకొంటుంది. పరదేశపు డబ్బా లేదు. ఆమె కళ్ళ ముందే, ఆమె చేతి వంటతోనే బిడ్డ తేరుకొంటుంది. ఇంటికి వెళ్ళాక కూడా ఆ వంట చేసుకోగలదు.

ఇక అసలు ప్రోటీన్ల సిద్ధాంతం సంగతి? 1974లో డోనాల్డ్ మెక్‌లారెన్ అనే వైద్యుడు లాన్సెట్‌లో రాస్తూ దానిని ఒక పెద్ద వైఫల్యంగా వర్ణించారు. పేదబిడ్డకు తక్కువైనది ఒక్క ప్రోటీను మాత్రమే కాదు, మొత్తం తిండే తక్కువని క్రమంగా అందరూ అంగీకరించారు.

3. ఆకలి నెలలు

ఇప్పుడు మనం ఆఫ్రికా పడమటి కొసన ఉన్న గాంబియా అనే చిన్న దేశానికి వెళదాం. అక్కడ కెనెబా అనే గ్రామంలోనూ, దాని పొరుగు గ్రామాల్లోనూ 1949లో ఇయాన్ మెక్‌గ్రెగర్ అనే వైద్యుడు ఒక పని మొదలుపెట్టారు. ప్రతి పుట్టుకను, ప్రతి చావును, ప్రతి బిడ్డ బరువును రాసి ఉంచడం. ఆ లెక్కలు నేటికీ కొనసాగుతున్నాయి. ఒక పల్లె తల్లుల జీవితాన్ని ఇంతకాలం ఇంత ఓపికగా గమనించిన చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ.

ఆ లెక్కల్లో తేలిన మొదటి సంగతి, అక్కడ సంవత్సరానికి రెండు ముఖాలున్నాయి. పంట ఇంటికి చేరాక కొన్ని నెలలు తిండికి లోటుండదు. వానాకాలం వచ్చేసరికి నిరుటి గింజలు అయిపోతాయి, కొత్త పంట ఇంకా చేతికి రాదు. సరిగ్గా అప్పుడే పొలంలో పని మిక్కుటం. అక్కడ వరిసాగు ఆడవారి పని. కడుపుతో ఉన్న స్త్రీ కూడా వంగి నాట్లు వేయాలి, కలుపు తీయాలి. మలేరియా వచ్చేదీ అప్పుడే. తిండి తక్కువ, పని ఎక్కువ, పైన జ్వరం. ఈ మూడూ కలిసి వచ్చే ఆ నెలలనే ఆకలి నెలలు అంటారు. ఆ నెలల్లో గర్భిణి ఒళ్ళు చేయవలసిన సమయంలో చిక్కిపోతుంది. పుట్టిన బిడ్డ బరువూ తగ్గుతుంది.

పరిశోధకులు మొదట పాలిచ్చే తల్లులకు అదనపు ఆహారం ఇచ్చి చూశారు. 1980లో వెలువడిన ఫలితం వారిని ఆశ్చర్యపరచింది. తల్లుల రొమ్ముపాలు పెరగలేదు! కారణం ఏమిటి? ఆ తల్లుల శరీరం అప్పటికే, తాను కరిగిపోతూ అయినా సరే, బిడ్డకు కావలసిన పాలను చేతనైనంత వరకు ఇస్తూనే ఉంది. బిడ్డకు పెట్టడం లేదని మనం నిందించే తల్లి, తన ఒంటి నుండి తీసి పెడుతున్నదన్నమాట.

తరువాత గర్భిణుల వంతు వచ్చింది. 28 గ్రామాల్లో ఐదేళ్ళ పాటు ఒక ప్రయోగం జరిగింది. వేరుశనగ గింజలు, బియ్యప్పిండి, పంచదార, నూనె కలిపి అక్కడే బిస్కెట్లు తయారు చేశారు. రోజుకు సుమారు వెయ్యి కేలరీల శక్తి వచ్చేటట్లు, కాన్పుకు ముందు ఇంచుమించు ఇరవై వారాలు కొన్ని గ్రామాల స్త్రీలకు పెట్టారు. మిగిలిన గ్రామాల స్త్రీలకు అవే బిస్కెట్లు కాన్పు తరువాత ఇచ్చారు. ఎవరినీ వట్టి చేతులతో పంపలేదు.

ఫలితాలు 1997లో వెలువడ్డాయి. ముందుగా తిన్న తల్లుల బిడ్డలు సగటున 136 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు. పంట నెలల్లో ఈ తేడా 94 గ్రాములే. ఆకలి నెలల్లో 201 గ్రాములు. మరీ తక్కువ బరువుతో పుట్టే పిల్లల సంఖ్య సుమారు 39 శాతం తగ్గింది. చనిపోయి పుట్టడం, పుట్టిన వారంలోపే చనిపోవడం దాదాపు సగానికి తగ్గాయి.

బిస్కెట్లు తిన్నది బిడ్డ కాదు, తల్లి. అదీ గమనించవలసిన సంగతి. కొన్ని గుప్పెళ్ళ వేరుశనగ, సరైన నెలల్లో, సరైన మనిషికి చేరితే ఇంత మేలు జరిగింది.

అదే సంవత్సరం ఆ గ్రామాల జనన మరణ లెక్కల నుండి మరొక విషయం బయటపడింది. ఆకలి నెలల్లో పుట్టినవారు, పంట నెలల్లో పుట్టినవారు చిన్నతనంలో ఇంచుమించు ఒకేలా ఉన్నారు. పదిహేనేళ్ళు దాటాక మాత్రం ఆకలి నెలల్లో పుట్టినవారిలో అకాల మరణాలు పలురెట్లు ఎక్కువగా కనిపించాయి. తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఇంట గింజలు ఉన్నాయా లేవా అన్నది, ఆ బిడ్డ యువకుడైన తరువాత కూడా వెంటాడుతున్నదని దీని అర్థం.

4. ఒకే కుండ, ఇద్దరు కవలలు

తీవ్రంగా జబ్బుపడిన బిడ్డ సంగతి చూద్దాం. ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావి దేశంలో 2000 ప్రాంతం వరకు అలాంటి బిడ్డను ఆసుపత్రిలో వారాల తరబడి ఉంచి ప్రత్యేకమైన పాలతో చికిత్స చేసేవారు. తల్లి అక్కడే ఉండాలి. మరి ఇంటి దగ్గర మిగిలిన పిల్లలను ఎవరు చూస్తారు? పొలం ఎవరు చూస్తారు? అందుకే ఎందరో తల్లులు చికిత్స మధ్యలోనే వెళ్ళిపోయేవారు. వారిని మొండివారని, బాధ్యత లేనివారని అనడం తేలిక.

ఆంద్రే బ్రియాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1990లలో వేరుశనగ ముద్దలో పాలపొడి, పంచదార, నూనె, విటమిన్లు, ఖనిజ లవణాలు కలిపి ఒక ఆహారం రూపొందించారు. దీనిలో నీరు కలపనవసరం లేదు, వండనవసరం లేదు, క్రిములు సులభంగా పెరగవు. 2001 నుండి మలావిలో డాక్టర్ మార్క్ మానరీ బృందం దీనిని తల్లుల చేతికిచ్చి ఇంటికి పంపింది. 1,178 మంది పిల్లలపై జరిగిన పరిశీలన ఫలితాలు 2005లో వచ్చాయి. ఇంటి వద్ద ఈ ముద్ద తిన్నవారిలో 79 శాతం మంది తగిన బరువుకు చేరారు. పాత పద్ధతిలో చేరినవారు 46 శాతం. మరణించినవారు, జబ్బు తిరగబెట్టినవారు కూడా ఇంటి వద్ద తిన్నవారిలోనే తక్కువ.

దీని అర్థం ఏమిటి? సరైన వస్తువును చేతిలో పెడితే, వైద్యులు ఆసుపత్రిలో చేసే పనిని పేద తల్లి తన గుడిసెలో చేయగలదు. ఇతర వైద్యపరమైన చిక్కులేవీ లేని పిల్లలకు ఇంటి వద్దే చికిత్స చేయవచ్చునని 2007లో ఐక్యరాజ్య సమితి సంస్థలు ఉమ్మడిగా ప్రకటించాయి.

అదే మలావిలో 317 జతల కవలలను పుట్టినప్పటి నుండి మూడేళ్ళు వచ్చే వరకు గమనించారు. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం సగం జతలు ఆరోగ్యంగా ఉన్నాయి. ఏడు శాతం జతల్లో ఇద్దరూ జబ్బుపడ్డారు. మిగిలిన 43 శాతం జతల్లో ఒకరు పోషణలోపానికి గురయ్యారు, రెండవవారు బాగానే ఉన్నారు. తల్లి ఒకరే. కుండ ఒకటే. గంజీ ఒకటే. అయినా ఒక బిడ్డకు వాపు వచ్చింది, పక్కనున్న బిడ్డకు రాలేదు! పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల తేడా దీనికి ఒక కారణమని ఆ పరిశోధన సూచించింది.

తెలుగువారికి ఇక్కడ ఒక సంబంధం ఉన్నది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థలో పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్ 1968లోనే ఇటువంటి మాట చెప్పారు. వాపుతో వచ్చే క్వాషియార్కర్ పిల్లల తిండికీ, ఎముకల గూడుగా మారే మరాస్మస్ పిల్లల తిండికీ తమ పరిశీలనలో తేడా కనిపించలేదని ఆయన రాశారు. ఒకే తిండి తిన్న పిల్లల్లో రెండు రకాల జబ్బులు వస్తే, తప్పంతా వంటగదిలో వెదకడం ఎలా కుదురుతుంది?

5. పూర్తికాని పని

ఈ పరిశోధనలన్నీ విజయగాథలేనని అనుకోకూడదు. జింబాబ్వే దేశంలోని రెండు గ్రామీణ జిల్లాల్లో 5,280 మంది గర్భిణులను చేర్చుకొని ఒక పెద్ద ప్రయోగం చేశారు. కొందరికి మరుగుదొడ్డి కట్టించి, చేతులు కడుక్కొనే వసతి, నీటిని శుద్ధి చేసే మందు ఇచ్చారు. కొందరికి ఆరు నెలలు నిండిన బిడ్డకు ఏమి పెట్టాలో నేర్పి, పోషకాలు కలిపిన ముద్దను ప్రతిరోజూ కొద్దిగా ఇచ్చారు. 2019లో ఫలితాలు ప్రచురించారు. ఆహారం అందిన పిల్లల్లో ఎత్తు ఎదగనివారు 35 శాతం నుండి 27 శాతానికి తగ్గారు. మరుగుదొడ్డి, చేతుల శుభ్రత ఏర్పాట్ల వలన మాత్రం ఎదుగుదలలో తేడా రాలేదు. అంటే శుభ్రత అనవసరమని కాదు. మట్టినేల, కోళ్ళూ మేకలూ తిరిగే వాకిలి, దూరపు నీళ్ళు ఉన్నచోట అంత చిన్న ఏర్పాటు చాలదని.

కెనెబా సంగతి కూడా అంతే. 1976 నుండి 2012 వరకు అక్కడ వైద్యం, టీకాలు, మంచినీరు అన్నీ మెరుగయ్యాయి. రెండేళ్ళ వయసుకు ఎత్తు ఎదగని పిల్లలు 57 శాతం నుండి 30 శాతానికి తగ్గారు. ఇది సంతోషించవలసిన విషయం. అయినా అంత సేవ అందిన గ్రామాల్లోనే ప్రతి పదిమంది పిల్లల్లో ముగ్గురు ఇంకా వెనుకబడి ఉన్నారు. ఒక పొట్లం, ఒక మాత్ర, ఒక దొడ్డి, వీటిలో ఏ ఒక్కటీ పేదరికానికి బదులు కాలేదు.

6. మనం నేర్చుకోవలసినది

ఈ పరిశోధనల నుండి మూడు విషయాలు గుర్తుంచుకొందాం.

మొదటిది, బిడ్డ పోషణ బిడ్డతో మొదలు కాదు. అది గర్భంతో ఉన్న తల్లి పళ్ళెంలో మొదలవుతుంది. ఇంట్లో అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తినే ఆచారం ఉన్న ప్రతి ఇల్లూ ఈ మాట వినాలి. కడుపుతో ఉన్న కోడలికి ముందు వడ్డించండి.

రెండవది, తిండితో పాటు పనిని కూడా లెక్కించండి. గాంబియా తల్లి చిక్కిపోయింది తినక మాత్రమే కాదు, తిన్నదానికి మించి వంగి పనిచేయడం వలన. గర్భిణికి ఒక బిందె నీళ్ళు తెచ్చిపెట్టడం, ఒక పూట పని తగ్గించడం కూడా బిడ్డకు అన్నం పెట్టడమే.

మూడవది, పాలు మాన్పించే సమయం అన్నిటికంటే ప్రమాదకరమైన మలుపు. మొదటి ఆరు నెలలు రొమ్ముపాలు మాత్రమే ఇవ్వాలి. ఆ తరువాత మెత్తని ఇంటి ఆహారం చేరుస్తూ రెండేళ్ళు, ఆపైన కూడా పాలు కొనసాగించవచ్చు. ఉత్త గంజి చాలదు. అందులో పప్పు, వేరుశనగ, వీలైతే గుడ్డు, ఆకుకూర, కాస్త నూనె చేరాలి. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం ఉండాలి. అక్రా తల్లులు ఆ జబ్బుకు పెట్టిన పేరు చెప్పేది ఇదే.

ఇక మొదట మనం వేసుకొన్న ప్రశ్నకు వద్దాం. చిక్కిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లిని, బిడ్డకు ఏం పెడుతున్నావని అడగడం తప్పు కాదు. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. "నువ్వు ఈ రోజు ఏం తిన్నావమ్మా?"

ఇంట్లో కలిసి ఆలోచించడానికి

1. మన ఇంట్లో చివరగా తినేది ఎవరు? ఎందుకు?
2. మన వీధిలో గర్భిణులు, బాలింతలు ఎవరున్నారు? వారి పనిలో మనం తీసుకోగల భాగం ఏది?
3. ఒక తల్లిని ఆమె బిడ్డ విషయంలో ఎప్పుడైనా తొందరపడి నిందించామా? ఆమె పరిస్థితి మనకు అప్పుడు ఎంత తెలుసు?